మూడు గీతల వెదురు పుల్ల: ఒక ఇంటి లాన్‌కు కటింగ్ ఎప్పుడో తేల్చిన కేసు

లాన్ చూడ్డానికి ఏ ఇంటికి వెళ్లినా గేటు దగ్గరే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఎన్ని రోజులకోసారి కొట్టించాలి సార్?" చాలా ఏళ్లు దానికి ఒక అంకె చెప్పేవాణ్ణి. వానాకాలం వారానికోసారి, చలికాలం పదిహేను రోజులకోసారి. అడిగినవాళ్లకు తృప్తి, నాకూ పని తేలిక. ఈ కేసు తర్వాత అలా అంకె చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో మిగతా మాలీలకు, ఇంటి లాన్ సొంతంగా చూసుకునేవాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. ఇంటివాళ్లను అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, వాళ్లను గుర్తుపట్టేలా చేసే వివరాలు తీసేశాను.

నేపథ్యం

హైదరాబాద్ శివారులో సొంత ఇల్లు. ఇంటి ముందు 130 గజాల లాన్. ఎర్రనేల మీద చెరువు మట్టి పరిచి, మూడేళ్ల కిందట గడ్డి వేయించారు. వేసింది సెలెక్షన్ వన్ అని నర్సరీల్లో పిలిచే రకం. మన పొలం గట్ల మీద పాకే గరిక కుటుంబమే, కాకపోతే ఆకు సన్నం, అల్లిక దట్టం. ఎండ బాగా కావాలి. ఆ ఇంట్లో లాన్‌లో ఎక్కువ భాగానికి రోజంతా ఎండ పడుతుంది. తూర్పు పక్క మామిడి చెట్టు కింద ఓ పాతిక గజాలు మాత్రం నీడ.

ఇంటావిడ రిటైరైన టీచరు. ఇక్కడ టీచరమ్మ అంటాను. కొడుకు కుటుంబం అమెరికాలో, డాలస్ దగ్గర. రోజూ పొద్దున పూజకు పూలు కోయడానికి బయటికొచ్చినప్పుడు లాన్ ఫొటో ఒకటి తీసి మనవరాలికి పంపడం ఆవిడ అలవాటు. ఈ అలవాటు తర్వాత మాకు బాగా పనికొచ్చింది.

కటింగ్‌కు ఒక మెషిన్ అతను నెల జీతం మీద ఒకటో తారీకు, పదిహేనో తారీకు వస్తాడు. కోసిన ప్రతిసారీ ఒక కిలో యూరియా చల్లి, నీళ్లు పెట్టి వెళ్తాడు. మూడేళ్లుగా ఇదే పద్ధతి.

సమస్య

జూన్ చివరి వారంలో టీచరమ్మ ఫోన్ చేశారు. "బాబూ, వానలు పడుతున్నాయి, ఎరువు వేస్తున్నాం, టైముకు కొట్టిస్తున్నాం. అయినా లాన్ పచ్చగా ఉండేది నెలలో వారం రోజులే. మిగతా రోజులు గడ్డివాము పరిచినట్టుంటుంది" అన్నారు. తుంగ కూడా పెరిగిపోతోందని, ఎన్నిసార్లు పీకించినా మళ్లీ వస్తోందని చెప్పారు. నన్ను పిలిచేలోపు ముగ్గురు మూడు మాటలు చెప్పారట. ఒకరు ఇనుము లోపమన్నారు, ఒకరు తెగులు మందు కొట్టమన్నారు, ఇంకొకరు పాత గడ్డి పీకేసి కొత్తది వేయించమన్నారు.

మొదటి రోజు చూసింది

నేను వెళ్లింది కటింగ్ అయిన మూడో రోజు. దూరం నుంచి చూస్తే లాన్ గోధుమ రంగులో ఉంది. ముందు తెగులు, పురుగు సంగతి తేల్చుకోవాలి. తెగులైతే మచ్చలు గుండ్రంగా, ఒక దగ్గర మొదలై చుట్టూ పాకినట్టు ఉంటాయి. ఇక్కడ రంగు అంతటా ఒకేలా ఉంది, నేల కాస్త ఎత్తుగా ఉన్న చోట్ల ఇంకా ఎక్కువ పాలిపోయింది. వేరు పురుగైతే గడ్డి పిడికిట పట్టి లాగితే చాపలా పైకి లేచొస్తుంది. లాగి చూశాను, రాలేదు. ఇనుము లోపమైతే లేత ఆకు పసుపు రంగుకు తిరగాలి. ఇక్కడ లేత ఆకే సరిగా లేదు.

మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని రెండు చేతులతో పాయ తీసినట్టు విడదీశాను. మిగిలింది అంగుళం ఎత్తు. ఆ అంగుళంలో దాదాపు అంతా గోధుమ రంగు కాడే. కొసన ఒకటో రెండో ఆకు ముక్కలు. భూతద్దం పెట్టి చూస్తే ఆ ముక్కల అంచులు కత్తిరించినట్టు లేవు, పళ్లతో కొరికినట్టు పీచులు తేలి, కొసలు తెల్లబడి ఉన్నాయి. బ్లేడు మొద్దుబారిందన్నమాట.

గరిక ఎప్పుడూ పైభాగంలోనే పచ్చగా ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ కింది ఆకులకు వెలుతురు అందక ఎండిపోతాయి, కింద ఒట్టి కాడ మిగులుతుంది. మూడు, మూడున్నర అంగుళాలు పెరగనిచ్చి అంగుళానికి కోస్తే పోయేది పచ్చని భాగమంతా, మిగిలేది కాడ. లాన్ ఎండిపోలేదు. దాని ఆకంతా ఒక్క పూటలో తీసేశారు.

ఈ అనుమానం సరైనదేనా అని తేల్చింది టీచరమ్మ ఫోన్. మనవరాలికి పంపిన ఫొటోలు తారీకుల వారీగా వెనక్కి జరుపుతూ చూశాం. మే 1, మే 15, జూన్ 1, జూన్ 15. కోసిన మర్నాటి నుంచి లాన్ ఎండుగడ్డి రంగు. ఎనిమిదో తొమ్మిదో రోజుకు పచ్చదనం తిరిగొస్తుంది. పదమూడు, పద్నాలుగో రోజుకు నిండుగా ఉంటుంది. పదిహేనో రోజు మళ్లీ మెషిన్. ఆవిడ ఆ ఫొటోలు చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే మూడేళ్లుగా కోలుకున్న ప్రతిసారీ మనమే పడగొడుతున్నామా?" అన్నారు. అవునన్నాను.

లాన్‌లో మూడు చోట్ల కత్తితో చిన్న మట్టి ముక్కలు కోసి తీశాను. వేళ్లు ఒకటిన్నర అంగుళం కూడా దిగలేదు. గరిక వేరుకు ఇది చాలా తక్కువ. దీనికీ కటింగ్‌కూ సంబంధం ఉంది. గడ్డి ఆకును ఎంత కోస్తే వేరు ఎంత దెబ్బతింటుందన్న దానిమీద అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన క్రైడర్ చేసిన ప్రయోగాలు 1955లో అచ్చయ్యాయి. ఒక్కసారిలో సగం దాటి కోస్తే వేళ్ల ఎదుగుదల ఆగడం మొదలవుతుందని, కోత ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ వేళ్లు, ఎక్కువ రోజులు ఆగిపోతాయని ఆయన చూపించారు. లాన్ పనివాళ్లు ఒకసారి మూడో వంతుకు మించి కోయకూడదని అనే మాటకు బలం అక్కడి నుంచే వచ్చింది. ఈ ఇంట్లో ప్రతి పదిహేను రోజులకు మూడింట రెండు వంతులు కోస్తున్నారు.

తుంగ సంగతీ ఇందులోనే ఉంది. బోడి చేసిన లాన్‌లో నేలకు నేరుగా వెలుతురు తగులుతుంది. కింద గడ్డల్లో బలం దాచుకున్న తుంగకు అది పండగ. రెండు రోజుల్లో అది లేచి నిలబడుతుంది, గరిక ఇంకా ఆకు వేసుకునే ప్రయత్నంలోనే ఉంటుంది.

మెషిన్ అతనితో మాట్లాడింది

ఆయన్ని పిలిపించాను. తప్పు పట్టడానికి కాదు, ఎందుకంత పొట్టిగా కొడుతున్నాడో తెలుసుకోవాలని. మెషిన్‌ను పోర్టికోలో టైల్స్ మీద పెట్టించి, ప్లగ్ పీకించి, బ్లేడు అంచు నుంచి నేలకు స్కేలు పెట్టి కొలిచాను. సరిగ్గా అంగుళం. ఎత్తు మార్చే లీవర్ తుప్పు పట్టి అట్టడుగు గాడిలో ఇరుక్కుపోయింది. ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు.

"అన్నా, లీవర్ ఎందుకు బాగు చేయించలేదు?" అనడిగాను.

"పొట్టిగ కొడితేనే కొట్టినట్టు ఒప్పుకుంటరు సార్. పైపైన కొడితే, ఏం కొట్టినవ్, పైసలెందుకియ్యాలె అంటరు. మళ్ల పదిహేను దినాల దాక ఆగాలె గద. గరిక సావదు సార్, ఎంత కోసినా వస్తది."

ఇందులో రెండు నిజాలున్నాయి. గరిక నిజంగానే చావదు. నేల మీద పాకే తీగల్లోనూ, నేల లోపలి కాడల్లోనూ అది బలం దాచుకుంటుంది. గట్టు మీద పశువు ఎంత మేసినా మళ్లీ చిగురిస్తుంది. కానీ ప్రతిసారీ ఆ దాచుకున్నది ఖర్చు పెట్టి చిగురిస్తుంది. బతకడం వేరు, లాన్‌లా దట్టంగా ఉండడం వేరు. రెండో నిజం, పొట్టిగా కొట్టమని అడుగుతున్నది ఇంటివాళ్లే. టీచరమ్మ కూడా ఒప్పుకున్నారు. "ఇచ్చే డబ్బులకు ఓ పదిహేను రోజులైనా నీట్‌గా ఉండాలని నేనే అనేదాన్ని" అన్నారు.

మొదటి ప్రయత్నం

నాలుగు నిర్ణయాలు తీసుకున్నాం. లీవర్ బాగు చేయించి కోత ఎత్తు ఒకటిన్నర అంగుళానికి పెంచడం, బ్లేడుకు సాన పట్టించడం, యూరియా ఆపడం, పదిహేను రోజులకు బదులు ప్రతి శనివారం కొట్టించడం.

యూరియా ఎందుకు ఆపానో చెప్పాలి. యూరియాలో 46 శాతం నత్రజని. నెలకు రెండు కిలోలంటే ఆ లాన్‌కు చదరపు మీటరుకు 8 గ్రాముల పైనే నత్రజని పడుతోంది. బాగా పెరిగే నెలల్లో కూడా ఈ రకానికి 5 గ్రాములు దాటనివ్వను నేను. పైగా వేస్తున్నది ఎప్పుడు? ఆకు లేని రోజున. ఆకు లేనప్పుడు గడ్డి తన ఆహారం తాను తయారు చేసుకోలేదు. ఆ సమయంలో నత్రజని పడితే తీగల్లో మిగిలిన కాస్త బలాన్నీ పెట్టి ఆకు తోస్తుంది. అందుకే ఎనిమిదో రోజుకు అంత వేగంగా పచ్చబడేది, అందుకే పదిహేనో రోజుకు మూడున్నర అంగుళాలు లేచేది. యూరియా వేసి కోత పని పెంచుకుంటున్నారు.

శనివారం అన్న మాట డాలస్ నుంచి వచ్చింది. వీడియో కాల్‌లో కొడుకు, "ఇక్కడా ఇదే గడ్డి అంకుల్, బెర్ముడా. వారానికోసారి కొట్టుకుంటాం" అన్నాడు. నాకూ వారం అనే లెక్క సౌకర్యంగా అనిపించింది. మెషిన్ అతనికి రోజు గుర్తుంటుంది, టీచరమ్మకు గుర్తుంటుంది. ఒప్పుకున్నాను.

విఫలమైంది ఇక్కడ

మొదటి మూడు శనివారాలు బాగానే నడిచింది. లాన్ రంగు నిలబడింది. కొసలు తెల్లబడడం పోయింది. నేను కూడా కేసు అయిపోయిందనుకున్నాను.

జూలై చివర ముసురు పట్టింది. ఒక శనివారం వాన, మెషిన్ రాలేదు. తర్వాతి శనివారం వాన లేదు గాని నేల బురద. చక్రం దిగబడుతుందని ఆయన వెనక్కి వెళ్లాడు. అది సరైన పనే. మూడో శనివారం ఆయన ఊరెళ్లి తన బదులు వేరే మనిషిని పంపాడు. అప్పటికి గడ్డి నాలుగున్నర అంగుళాలు. వచ్చిన మనిషి మెషిన్ లాగలేకపోతోందని, భుజానికి తగిలించుకుని ఊపుతూ కోసే బ్రష్ కట్టర్ తెచ్చి, నేను చెప్పిన ఒకటిన్నర అంగుళానికే దించేశాడు. కోసిన గడ్డి అలాగే వదిలేశాడు. తడిగా ఉన్న ఆ గడ్డి ముద్దలు ముద్దలుగా పడింది.

నేను వెళ్లేసరికి లాన్ జూన్‌లో చూసినదానికంటే ఘోరంగా ఉంది. ముద్దలు పడిన చోట కింద గడ్డి పసుపు రంగుకు తిరిగి, చెయ్యి పెడితే వేడిగా, పులిసిన వాసన. బ్రష్ కట్టర్ ఊగిన చోటల్లా అర్ధచంద్రాకారంలో నేల కనిపిస్తోంది.

ఆ మనిషి చేసింది నేను రాసిచ్చిన కాగితం ప్రకారమే. కాగితంలో రోజు ఉంది, కోత ఎత్తు ఉంది. గడ్డి ఎంత ఎత్తులో ఉంటే కోయాలన్నది లేదు. ఒక వారం తప్పితే ఏం చేయాలన్నది లేదు. వానాకాలంలో ఒక్క శనివారం కూడా తప్పిపోదని అనుకుని రాసిన కాగితమది. ఆ తప్పు నాది, టీచరమ్మకు అదే చెప్పాను.

ఇంకో తప్పు తర్వాత రాత్రి లెక్క వేసుకుంటే బయటపడింది. ఒకటిన్నర అంగుళానికి కోసే లాన్‌లో మూడో వంతు నియమం పాటించాలంటే రెండుంబావు దగ్గరే కోయాలి. అంటే పెరగనివ్వాల్సింది ముప్పావు అంగుళం. వానల్లో ఆ గడ్డి రోజుకు మూడున్నర మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. ముప్పావు అంగుళానికి పట్టేది ఐదు రోజులు. నేను ఏడు రోజులు ఇచ్చాను. వానలు తగ్గితే సరిపోయేది, ముసురులో సరిపోలేదు.

లెక్క మళ్లీ మొదలుపెట్టాం

ముందు ఆ లాన్‌ను కదపకుండా వదిలేశాం. టీచరమ్మకు టెన్షన్ ఎక్కువైంది, కొంచెం యూరియా వేద్దామా అని రెండుసార్లు అడిగారు. ఒప్పుకోలేదు. ముద్దలు పళ్ల దంతెతో లాగించేసి, కటింగ్ వద్దని, మూడు అంగుళాలు వచ్చేదాకా ఆగమని చెప్పాను.

ఆ ఆగిన రోజుల్లో ఇద్దరం వరండాలో కూర్చుని పాత నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క వేశాం. ఈ కేసులో అసలు మలుపు ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అంగుళానికి కోస్తే ఒకటిన్నర దగ్గర మళ్లీ కోయాలి. పెరిగేందుకు ఇచ్చింది అరంగుళం. వానల్లో మూడు, నాలుగు రోజులు. ఒకటిన్నరకు కోస్తే ఐదు రోజులు. రెండంగుళాలకు కోస్తే మూడు అంగుళాల దగ్గర మళ్లీ కోయాలి. పెరిగేందుకు ఇచ్చింది నిండు అంగుళం. ఏడు రోజులు.

టీచరమ్మ లెక్కల టీచరు. పెన్ను ఆపి, "అంటే పొట్టిగా కోస్తే ఎక్కువ రోజులు ఆగుతుందనుకున్నాం. పొట్టిగా కోస్తేనే త్వరగా కోయాల్సి వస్తోంది" అన్నారు. అదే. ఈ మాట మెషిన్ అతనికీ ఎక్కడానికి ఇంకొంచెం టైం పట్టింది. గోల్ఫ్ కోర్సుల్లో బంతి గుంతలోకి దొర్లే చోట ఈ జాతి గడ్డినే నేలకు అతుక్కున్నట్టు ఉంచుతారు, అందుకోసం దాదాపు రోజూ కోస్తారని చెప్పాక ఆలోచించడం మొదలుపెట్టాడు.

మరి రెండంగుళాలే ఎందుకు, మూడు ఉంచితే పదిరోజులకోసారి చాలు కదా అని ఆవిడ అడిగారు. మంచి ప్రశ్న. ఈ రకం గరికను రెండంగుళాలు దాటించి ఉంచితే కింది కాడ పొడుగవుతుంది, ఆకు పైకి పోతుంది, అల్లిక పలచబడుతుంది. నడిస్తే మెత్తగా కాక తేలినట్టు ఉంటుంది. తర్వాత ఎప్పుడు కోసినా గోధుమ రంగే బయటపడుతుంది. రెండు అనేది ఈ గడ్డికి పైహద్దు, మెషిన్ అతని వీలుకు కింది హద్దు. రెండూ కలిసే చోటు అదొక్కటే.

పుల్ల

ఇక రోజు మాట వదిలేసి ఎత్తును పట్టుకోవాలి. ఎవరు చూస్తారు? నేను నెలకోసారి వస్తాను. మెషిన్ అతనికి ఇరవై ఇళ్లున్నాయి. రోజూ పొద్దున లాన్‌లో ఉండేది టీచరమ్మ ఒక్కరే.

వెదురు పుల్ల ఒకటి జానెడు చెక్కి, రెండంగుళాల దగ్గర, మూడంగుళాల దగ్గర గీతలు పెట్టాను. ఆవిడ వాటి మీద గోళ్ల రంగు పూశారు. పూలు కోయడానికి వచ్చినప్పుడు పుల్లను నేల తగిలేదాకా నిలబెట్టి ఆకుల కొసలు ఏ గీత దగ్గరున్నాయో చూడాలి. ఒక్కచోట కాదు, మూడు చోట్ల: ఎండలో మధ్యన, కొళాయి పక్కన, గేటు దగ్గర. ఎత్తుగా లేచిన ఒకటి రెండు పోచలను పట్టించుకోకూడదు, మొత్తంగా గడ్డి పైభాగం చూడాలి. రెండు చోట్ల మూడో అంగుళం గీత తాకితే ఫోన్ చేయాలి.

మొదటి పది రోజుల్లోనే ఇబ్బంది కనిపించింది. గీత తాకిన రోజు ఫోన్ చేస్తే ఆయనకు ఆ రోజు వేరే ఇళ్లు ఉంటున్నాయి. వచ్చేసరికి మూడు రోజులు. అప్పటికి గడ్డి మూడున్నర. అందుకని రెండున్నర దగ్గర మూడో గీత పెట్టాం, పసుపు రంగులో. పసుపు గీత దగ్గర ఫోన్, మూడంగుళాల ఎర్ర గీత లోపు కటింగ్. వానల్లో ఆ రెండింటి మధ్య మూడు రోజుల పైనే ఉంటుంది. వాన తెరిపి చూసుకుని రావడానికి ఆ గడువు సరిపోయింది.

కాగితం మళ్లీ రాశాను. ఈసారి తప్పిన వారం గురించి కూడా. ఏ కారణం చేతైనా గడ్డి ఎర్ర గీత దాటిపోతే ఒక్కసారిగా రెండుకు దించకూడదు. ఉన్న ఎత్తులో మూడో వంతే తీయాలి. నాలుగున్నర ఉంటే మూడుకు. మూడు నాలుగు రోజులాగి, అప్పటి ఎత్తులో మళ్లీ మూడో వంతు. అలా రెండుకు చేరేదాకా. నేల మీద బూటు అచ్చు పడేంత తడి ఉంటే మెషిన్ దించకూడదు. పొద్దున మంచు తడి ఆరాకే, వీలైతే సాయంత్రం. బ్రష్ కట్టర్ గోడ అంచులకే. కోసింది చిన్న ముక్కలైతే లాన్‌లోనే వదిలేయాలి, ముద్దలైతే ఎత్తేయాలి. మూడో వంతే కోసినప్పుడు ముక్కలు సన్నగా ఉండి గడ్డి సందుల్లోకి జారిపోతాయి, త్వరగా కుళ్లి అందులోని నత్రజని మళ్లీ నేలకే చేరుతుంది. యూరియా లేకుండానే లాన్ రంగు నిలిచిందంటే కొంత దీనివల్లే.

డబ్బు సంగతి

దీన్ని చాలామంది మాలీలు పక్కన పెడతారు, కాని ఇది తేలకుండా ఏ పద్ధతీ నిలబడదు. నెల జీతమిస్తే మెషిన్ అతనికి తక్కువసార్లు వచ్చి పొట్టిగా కొట్టడమే లాభం. కటింగ్‌కు ఇంత అని ఇస్తే చలికాలంలో గడ్డి పెరగకపోయినా వచ్చి కొట్టాలనిపిస్తుంది. పైగా ఆ నెలల్లో ఇల్లు గడవదు. అది ఆయన తప్పు కాదు.

ఏడాదికి 36 కటింగ్‌లు అని మాట్లాడాం. డబ్బు పన్నెండు నెలలకు సమానంగా, నెలకు మూడు కటింగ్‌ల లెక్కన. ఏ నెలలో ఎన్ని అన్నది పుల్ల చెబుతుంది. ఇంతకుముందు ఏడాదికి 24. టీచరమ్మకు ఖర్చు సగం పెరిగింది. ఆ మాట దాచకుండా ముందే చెప్పాను. యూరియా, తుంగ పీకించే కూలీ తగ్గుతాయని, అయినా మొత్తం మీద కొంచెం ఎక్కువే అవుతుందని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు.

ఏడాది ఎలా గడిచింది

ఆవిడ క్యాలెండర్‌లో కోసిన ప్రతి తారీకు చుట్టూ సున్నా చుట్టారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆరు నుంచి ఎనిమిది రోజులకోసారి. వినాయక చవితికి ముందు గడ్డి పసుపు గీత దగ్గరుంటే, పత్రిలోకి గరిక కావాలని రెండు రోజులు ఆపించారు. అక్టోబరులో పది రోజులు. నవంబరు నుంచి రాత్రి చలి మొదలయ్యాక గరిక నెమ్మదించింది. డిసెంబరు, జనవరి రెండు నెలల్లో కలిపి రెండే కటింగ్‌లు. డాలస్‌లో అయితే ఆ గడ్డి చలికి పూర్తిగా గోధుమ రంగుకు తిరిగి నిద్రపోతుంది. ఇక్కడ అలా కాదు, మందకొడిగా పచ్చగానే ఉంటుంది. వారానికోసారి అనే లెక్క అక్కడి వేసవికి సరిపోవచ్చు, ఇక్కడి ఏడాదికి సరిపోదు.

డిసెంబరులో ఒకసారి మెషిన్ అతను తనంతట తనే వచ్చి, "ఇరవై దినాలైంది సార్, కొట్టాల్నా?" అని ఫోన్ చేశాడు. పుల్ల పెట్టించాను. గడ్డి పసుపు గీతకు కూడా రాలేదు. వద్దన్నాను. పని లేకుండా మెషిన్ తిప్పితే నేల తొక్కుడు తప్ప లాభం లేదు.

వేసవిలో బోరు తగ్గి నీళ్లు వారానికి రెండుసార్లకు కుదించారు. గడ్డి ఎదుగుదల దానంతటదే తగ్గింది, కటింగ్ పన్నెండు రోజులకోసారికి వెళ్లింది. ఎత్తు రెండంగుళాల దగ్గరే ఉంచాం కాబట్టి నేల ఎండకు పగలలేదు. మొత్తం ఏడాదికి 34 కటింగ్‌లు అయ్యాయి.

జూన్‌లో అవే మూడు చోట్ల మళ్లీ మట్టి ముక్కలు తీశాను. వేళ్లు నాలుగంగుళాలు దిగాయి. చేత్తో నలిపితే మట్టి విడిపోవడం లేదు, వేళ్లు పట్టి ఉంచాయి. తుంగ పూర్తిగా పోలేదు, గోడ వారగా ఉంది. లాన్ మధ్యలో మాత్రం ఏరాల్సినంత లేదు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా మొదట మెషిన్‌ను గచ్చు మీద పెట్టించి కోత ఎత్తు కొలుస్తాను. లీవర్ మీద రాసిన అంకెలను నమ్మను. ఎన్ని రోజులకోసారి అని అడిగితే, ఏ గడ్డి, ఎంత ఎత్తు ఉంచుతారు అని తిరిగి అడుగుతాను. మెక్సికన్ గడ్డి ఉన్న ఇళ్లలో అది నెమ్మదిగా పెరిగేది కాబట్టి ఇదే పుల్ల పెట్టినా రోజులు చాలా ఎక్కువొస్తాయి. గీతలు మారవు, తారీకులు మారతాయి.

రోజు రాసిచ్చేటప్పుడు, ఆ రోజు తప్పితే ఏం చేయాలో దాని కిందే రాస్తున్నాను. పనివాడు మారినా, వాన పడినా, పండగొచ్చినా ఆ కాగితం చూసి పని జరగాలి. పాత ఫొటోలు అడుగుతాను. ఇంటివాళ్ల ఫోన్లలో పిల్లల పుట్టినరోజు ఫొటోల వెనక లాన్ కనిపిస్తూనే ఉంటుంది, తారీకుతో సహా.

ఈ ఇంట్లో నేను గెలవలేకపోయింది మామిడి నీడ. అక్కడ గరిక వెలుతురు కోసం సాగి, త్వరగా ఎర్ర గీత తాకేది. పెరిగింది కదా అని కోస్తే ఉన్న నాలుగు ఆకులూ పోయేవి. ఆ భాగానికి వేరే పుల్ల పెట్టి, రెండున్నర అంగుళాలు ఉంచి, మిగతా లాన్‌కు రెండుసార్లు కోస్తే అక్కడ ఒకసారి కోయించాను. ఆరు నెలలు చూశాం. పలచబడుతూనే వచ్చింది. అంత నీడలో ఏ ఎత్తున కోసినా ఈ గడ్డి నిలబడదని ఒప్పుకుని, ఈ జూన్‌లో ఆ పాతిక గజాల గడ్డి తీసేశాం. చెట్టు మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచి, అంచు వెంబడి స్పైడర్ ప్లాంట్లు పెట్టాం. మెషిన్ అతను ఇప్పుడు ఆ అంచు దాకా వచ్చి తిరుగుతాడు. వర్షాలు మొదలైన రోజు నుంచి టీచరమ్మ మనవరాలికి రోజూ రెండు ఫొటోలు పంపుతున్నారు, ఒకటి లాన్‌ది, ఒకటి గడ్డిలో నిలబెట్టిన పుల్లది.